పదకొండు సార్లు తీసేసిన వంటవాడు

చింతలరేవులో మనుషులకి పూర్వీకులుండటం మొన్నటి వేసవిలోనే మొదలైంది. అంతకుముందు అందరికీ ఉత్త తాతలే ఉండేవారు. తాత అంటే ఫలానా అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చేవాడని, ఫలానా వాళ్ళతో మాటల్లేవని, పనసతొనలు ఎక్కువ తిని మంచాన పడ్డాడని ఇంట్లో చెప్పుకునే మనిషి. అలాంటి మనిషికి ఆధారాలు చూపించమని ఎవరూ అడిగేవారు కాదు. అడగాలన్న ఆలోచన మునిసిపల్ కమిషనర్ పరాంకుశంగారికి వచ్చింది. అది కూడా ఆయనంతట ఆయనకి రాలేదు. రాజధానిలో ఒక కార్యశాలకి వెళ్తే అక్కడ భోజనం కూపన్లతో పాటు ఇచ్చారు.

ఆ కార్యశాల పేరు 'కుటుంబ చరిత్ర పరిశోధనలో సంస్థల పాత వార్షిక నివేదికల వినియోగం'. ఆసుపత్రులు, జైళ్ళు, అనాథాశ్రమాలు వెనకటి రోజుల్లో ఏటా అచ్చేసిన నివేదికల్లో మన ముత్తాతల జాడలు దొరుకుతాయని ఒక పెద్దావిడ ఉపన్యాసం చెప్పింది. అయితే అచ్చులో ఉన్నదల్లా నిజమని నమ్మెయ్యకూడదని, రాసినవాడెవడో, ఎందుకు రాశాడో చూసుకుని చదవాలని కూడా చెప్పింది. పరాంకుశంగారు మొదటి సగం శ్రద్ధగా రాసుకున్నారు. రెండో సగం దగ్గరికి వచ్చేసరికి టీ వచ్చింది.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం ప్రతి ఊళ్ళోనూ ఒక వారసత్వ వీధి ఉండాలని ఉత్సాహపడింది. పరాంకుశంగారు ఈ రెంటికీ ముడిపెట్టారు. పథకానికి ఒక ప్రత్యేకాధికారి పోస్టు మంజూరైతే ఆ పోస్టులో తననే వేసుకున్నారు. వారం తిరక్కుండా ధర్మాసుపత్రి రోడ్డులో కరెంటు స్తంభానికొకటి చొప్పున కాగితం అంటించారు.

'సదరు వీధిని వారసత్వ వీధిగా ప్రకటించడమైనది. సదరు వీధియందు వ్యాపారము చేసుకొనువారు స్వాతంత్ర్యమునకు పూర్వము నుండియే వంశపారంపర్యముగా సదరు వీధితో సంబంధము కలిగియున్నట్లు ఏదేని సంస్థ యొక్క అచ్చయిన వార్షిక నివేదిక ద్వారా రుజువు పరచుకొనవలెను. అచ్చయినది తప్పు కాజాలదు. రుజువు పరచుకొనలేనివారు పూర్వీకులు లేనివారిగా పరిగణింపబడి బైపాస్ రోడ్డుకు తరలింపబడుదురు.'

ఈ కాగితం తాయారమ్మ పెసరట్ల బండికి ఎదురుగా ఉన్న స్తంభానికి కూడా అంటింది. ధర్మాసుపత్రి గేటు పక్కన ఆవిడ బండి ఎప్పటినుంచి ఉందో ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే అది లేని రోజు ఎవరూ చూడలేదు. ఆవిడకి ముందు అదే చోట వాళ్ళమ్మ, వాళ్ళమ్మకి ముందు అమ్మమ్మ, అమ్మమ్మకి ముందు తాత సత్తెయ్య పొయ్యి వెలిగించారు. ఊళ్ళో జబ్బు చేసినవాళ్ళు ఆసుపత్రిలోకి వెళ్తారు, వాళ్ళని తీసుకొచ్చినవాళ్ళు తాయారమ్మ దగ్గర కూర్చుంటారు. బైపాస్ రోడ్డు పక్కన జబ్బు మనుషులూ ఉండరు, మంచి మనుషులూ ఉండరు, లారీలు తప్ప ఇంకేమీ ఆగవు. ఆ కాగితం చదివించుకుని తాయారమ్మ అట్టు మాడ్చింది. ఆవిడ అట్టు మాడ్చడం కూడా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

మర్నాడు విచారణకి పిలిచారు. తాయారమ్మ వెళ్ళేసరికి పరాంకుశంగారు టిఫిను చేస్తున్నారు. బంట్రోతు రోజూ పొద్దున్నే ఆవిడ బండి దగ్గర్నుంచి కట్టించుకెళ్ళే పెసరట్టూ ఉప్మానే అది.

"మీరు సదరు వీధిలో వ్యాపారం చేస్తున్నట్టు ఆధారం ఏమిటి?" అన్నారాయన, అల్లప్పచ్చడి అద్దుకుంటూ.

"తమరు తింటున్నారు కదండీ," అంది తాయారమ్మ.

"ఇది వర్తమానం. నేనడిగేది వారసత్వం. మీ తాతగారు ఉన్నారనడానికి ఆధారం కావాలి."

"నేనున్నాను కదండీ బాబూ. ఆయన లేకపోతే మాయమ్మెక్కడిది, నేనెక్కడిదాన్ని?"

పరాంకుశంగారు జాలిగా నవ్వారు. చదువుకోనివాళ్ళతో ఆయన ఎప్పుడూ ఓపిగ్గానే ఉంటారు. "మనవరాలు ఉన్నంత మాత్రాన తాత ఉన్నట్టు కాదమ్మా. అది జీవశాస్త్రానికి సంబంధించిన ఊహ. మా పథకం పరిధిలోకి రాదు. మా ప్రాతిపదిక అచ్చు."

"ఊరంతా చెబుతారండీ, ఆయన ధర్మాసుపత్రిలో వంటవాడని."

"ఊరు ఒక సంస్థ కాదు. ఊరు ఎప్పుడైనా వార్షిక నివేదిక అచ్చేసిందా?"

లేదని తాయారమ్మ ఒప్పుకోవలసి వచ్చింది. పరాంకుశంగారు చెయ్యి కడుక్కుని, రేపు ఉప్మాలో కాస్త జీడిపప్పు ఎక్కువ వెయ్యమని చెప్పి పంపించారు.

ఊరి అదృష్టమో, మరొకటో గాని, ధర్మాసుపత్రి పాత మందుల గదిలో బీరువా కదిపితే వార్షిక నివేదికలు పదకొండు దొరికాయి. ఆ రోజుల్లో ఆసుపత్రిని ఊళ్ళో పెద్దల కమిటీ ఒకటి నడిపేది. ఆ కమిటీ ఏటా తను చేసిన మేలు గురించి తానే అచ్చేసుకుని తన సభ్యులకే పంచేది. పదకొండు పుస్తకాలనీ టౌన్‌హాల్లో బల్ల మీద పరిచి, ప్రజలు వచ్చి తమ తమ పూర్వీకుల్ని వెతుక్కోవచ్చని టముకు వేయించారు.

జనం విరగబడ్డారు. చిక్కేమిటంటే ఆ నివేదికల్లో పేర్లున్నవి కమిటీ సభ్యులకే. రోగులంతా అంకెలు. చెవిపోటు ఇందరు, కుక్కకాటు ఒకరు, నయమై వెళ్ళినవారు ఇందరు, నయం కాకుండా వెళ్ళినవారు ఇందరు. దీనికి పరాంకుశంగారు వెంటనే పరిష్కారం కనిపెట్టారు. పేరు లేని ప్రతి అంకెనీ పూర్వీకుడి ఖాళీగా ప్రకటించి దరఖాస్తులు పిలిచారు. పూలకొట్టు వాళ్ళకి చెవిపోటు దక్కింది. కుక్కకాటు ఒక్కటే ఉండటం వల్ల గాజుల దుకాణం వాళ్ళకీ చెప్పులు కుట్టే వాళ్ళకీ పెద్ద తగాదా వచ్చింది. రెండు కుటుంబాలూ తమ తాతనే కరిచిందని ప్రమాణాలు చేశాయి. ఆఖరికి కుక్కకాటుని ఏడాదికొకరికి మార్చి మార్చి ఇవ్వాలని తీర్పయింది. దర్జీ అప్పారావు వంశంలో ఎవరికీ ఏ జబ్బూ రాలేదట. అందరూ గట్టి మనుషులే. అతన్ని బైపాస్ రోడ్డుకి పంపేశారు.

తాయారమ్మకి చదువు అంతంత మాత్రం. అందుకని పథకం గుమాస్తా సోమలింగంగారు చదివి వినిపించాడు. ఇరవయ్యేళ్ళుగా ఆవిడ బండి దగ్గరే టిఫిను చేస్తున్న మనిషి. ఆవిడ పక్కన కిళ్ళీకొట్టు అబ్బులు కూడా నిలబడ్డాడు. వాళ్ళ తాత ఆసుపత్రి నూతి దగ్గర మోట తోలేవాడు.

సోమలింగంగారు మొదటి పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు.

'ఈ సంవత్సరమున వర్షములు ఆలస్యమగుటచే నూతిలో నీరు తగ్గెను. వైద్యశాల బియ్యమును అపహరించిన హేతువున వంటవానిని తొలగించడమైనది. మోట లాగు బసవడను వృషభము కాలధర్మము నొందినందులకు కమిటీవారు మిక్కిలి చింతించుచున్నారు. అది బహుకాలము శ్రమించి ఎల్లరి దాహమును తీర్చెను. శ్రీ మారెళ్ళ నరసింగరావు పంతులుగారు వచ్చు సంవత్సరమున గడియారమొకటి ఒసంగుదునని వాగ్దానము చేసినందులకు కమిటీవారి కృతజ్ఞతలు.'

"అంటే ఏటండీ?" అంది తాయారమ్మ.

సోమలింగంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ తాతగారు బియ్యం దొంగతనం చేశారని తీసేశారట తాయారమ్మా."

తాయారమ్మ మొహం ఎర్రబడింది. ఈ సంగతి ఆవిడకి తెలియనిది కాదు, కాకపోతే ఇంట్లో ఇలా చెప్పుకోరు. సత్తెయ్య రోగులకి గంజి కాచేవాడు. గేటు బయట రోగుల చుట్టాలు ఎండలో కూర్చుని ఉండేవారు. పక్క లంకల నుంచి పడవల మీద వచ్చినవాళ్ళు, చేతిలో ఏమీ లేనివాళ్ళు. వాళ్ళ కోసం సత్తెయ్య ఎసట్లో ఇంకో నాలుగు గిద్దలు వేసేవాడు. కమిటీ వాళ్ళు కూర్చుని ఆలోచించి, రోగుల చుట్టాలు రోగులు కారని తేల్చి, అతన్ని తీసేశారు. సత్తెయ్య గేటు దాటి బయటికొచ్చి, ఆ చుట్టాల మధ్యనే మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాడు. ఆ మూడు రాళ్ళ మీదే ఇవాళ తాయారమ్మ బండి ఉంది.

"దొంగతనం కాదండీ అది," అంది ఆవిడ. "ఆకలేసినోళ్ళకి పెట్టాడండీ. పోనీ అది రాయకపోతే పోయారు, పేరైనా రాశారేటండీ?"

"పేరు లేదు. వంటవాడు అనే ఉంది."

"ఎద్దుకి పేరెట్టారుగా!"

"ఎద్దు కమిటీది," అన్నాడు సోమలింగంగారు.

అబ్బులు మాత్రం ఆనందంగా ఉన్నాడు. "అక్కా, బసవడంటే మా తాత తోలిన ఎద్దేనే! మాయ్య చెప్పేవోడు. మాకు పేరుతో సహా దొరికేసింది!"

సోమలింగంగారు రెండో పుస్తకం తెరిచాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. మూడోది తెరిచాడు. నాలుగోది కూడా. ఆ తర్వాత పదకొండు పుస్తకాలనీ ఒకే పేజీ దగ్గర తెరిచి వరసగా పెట్టాడు. అన్నింట్లోనూ వర్షాలు ఆలస్యమయ్యాయి. అన్నింట్లోనూ వంటవాణ్ణి తీసేశారు. ఎద్దు పదకొండు సార్లు చచ్చిపోయింది. పంతులుగారు గడియారం వచ్చే ఏడాది ఇస్తానని పదకొండు సార్లు మాటిచ్చారు.

"నాకు తెలుసు ఇదేంటో," అన్నాడు సోమలింగంగారు, పాత చుట్టం కనిపించినట్టు మొహం వెలిగిపోతూ. "మొదటి ఏడు రాసినవాడు రాశాడు. తర్వాతవాడు ఏడాది మార్చి మిగతాది మక్కికి మక్కి దింపేశాడు. మేమూ అంతే కదా చేస్తాం. నివేదిక అంటే చదవడానిక్కాదు తాయారమ్మా, పంపించడానికి."

ఈ మాట ఆయన కమిషనరుగారి ముందు కూడా అన్నాడు. అనకుండా ఉండవలసింది.

"అచ్చయినది తప్పు కాజాలదని సర్క్యులర్లో స్పష్టంగా ఉందయ్యా," అన్నారు పరాంకుశంగారు. టౌన్‌హాల్లో బహిరంగ విచారణ అది. ఆయన వెనక గోడకి వారసత్వం అని పూలతో రాయించారు. "పదకొండేళ్ళు రాశారంటే పదకొండేళ్ళు జరిగిందన్నమాట. మనం భావోద్వేగాలకి లోనుకాకుండా శాస్త్రీయంగా విశ్లేషించాలి. ఒక వ్యక్తిని తొలగించాలంటే ముందు ఆ వ్యక్తి ఉద్యోగంలో ఉండాలి. పదకొండు సార్లు తొలగించారంటే పదకొండు సార్లు నియమించారు. కాబట్టి సదరు వంటవాడిది అవిచ్ఛిన్నమైన సుదీర్ఘ సేవ."

"మరి ఎద్దు పదకొండు సార్లు చావడం ఏంటండీ?" అన్నాడు సోమలింగంగారు నెమ్మదిగా.

"చనిపోయి కూడా మర్నాటి నుంచి మోట లాగిందంటే అది ఎంత విధేయమైన ఎద్దో ఊహించు. ఈనాటి సిబ్బంది నేర్చుకోవాలి."

పంతులుగారి మునిమనవడు, రైసుమిల్లు యజమాని విశ్వపతిగారు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. వాగ్దానానికి పదకొండు సార్లు కృతజ్ఞతలు చెప్పారంటే గడియారాలు పదకొండు ఇచ్చి ఉంటేనే చెబుతారని పరాంకుశంగారు నిర్ధారించి, ఆయనకి గడియారదాత వంశీకుడని శాలువా కప్పారు. ఆసుపత్రిలో ఒక్క గడియారమైనా ఉందా అని వెనకనుంచి ఎవరో అడిగారు. గడియారాలు లేకపోవడం ఆసుపత్రి నిర్లక్ష్యమని, వాటి మీద వేరే విచారణ వేస్తామని చెప్పారు. అప్పటినుంచీ ఆసుపత్రి డాక్టరు పదకొండు గడియారాలకి సంజాయిషీ రాసుకుంటున్నాడు.

తాయారమ్మ బండి గేటు దగ్గరే ఉండవచ్చని తీర్పయింది. ఆవిడ ఇంటికెళ్ళి చాలాకాలం తర్వాత కడుపునిండా తింది. ఆ తర్వాతి సోమవారం ఫలకం పెట్టారు.

నల్లగ్రానైటు పలక. బంగారు రంగు అక్షరాలు. మేళం పెట్టించి మరీ తెర లాగారు.

'వారసత్వ స్థలము. వైద్యశాల బియ్యమును అపహరించి పదకొండు పర్యాయములు తొలగింపబడిన వంటవాని వారసురాలు ఇచట వ్యాపారము చేయుచున్నది.'

అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ తాయారమ్మ కూడా కొట్టింది. తర్వాత పక్కనున్నవాళ్ళు చదివి చెప్పాక ఆవిడ చేతులు కిందికి దించేసింది.

అవతల అబ్బులు కిళ్ళీకొట్టు ముందు 'పదకొండు పర్యాయములు కాలధర్మము నొందిన బసవడను వృషభము తాలూకువారు' అని పెట్టారు. అబ్బులు దాన్ని రోజూ తడిగుడ్డతో తుడిచేవాడు. పిల్లలు ఎద్దు కొట్టు ఏదని అడుగుతూ వచ్చేవారు, సోడాలు తాగేవారు. ఎద్దు తాలూకువాడంటే నవ్వే జనం దొంగ తాలూకుదంటే నవ్వి ఊరుకోరు. తాయారమ్మ దగ్గర ఉప్మా తినేవాళ్ళు రవ్వ ఎక్కడిదని సరదాకి అడగడం మొదలుపెట్టారు. సరదాకే. అయినా ఊరికి కొత్తగా వచ్చిన ఒకామె, మొగుణ్ణి జ్వరంతో ఆసుపత్రిలో చేర్చి వచ్చినామె, ఆ పలక చదివి, చేతిలో ప్లేటు అలాగే కిందపెట్టి, సంచీ గుండెలకి హత్తుకుని కూర్చుంది. ఆ రోజు తాయారమ్మ కళ్ళు మండింది పొగ వల్ల కాదు.

ఆవిడ పలక మీద గోనెపట్టా కప్పింది. సాయంత్రానికి నోటీసు వచ్చింది, వారసత్వాన్ని కప్పిపుచ్చడం నేరమని. పట్టా పట్టుకునే ఆవిడ ఆఫీసుకి వెళ్ళింది.

"ఆ పలక తీయించెయ్యండి బాబూ."

"తీయించవచ్చు," అన్నారు పరాంకుశంగారు. "పూర్వీకుడికి రాజీనామా ఇస్తున్నట్టు దరఖాస్తు పెట్టండి. పూర్వీకుడు పోతే స్థలం కూడా పోతుంది. బైపాస్ రోడ్డులో చాలా ఖాళీ ఉంది."

"పోనీ అది ఉంచేసి, మా తాతగారి పేరు రాయండి. పళ్ళాల సత్తెయ్య అని. దొంగంటే దొంగేనండి, పేరుండాలి కదండీ మనిషికి."

"పేరు అచ్చులో లేదమ్మా."

"తమరు కూడా ఏటో నివేదిక అచ్చేస్తారంట కదండీ పథకానికి? అందులో వెయ్యండి. అప్పుడు అచ్చులో ఉన్నట్టే కదండీ."

పరాంకుశంగారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే భయం వేస్తుంది. "అచ్చులో వెయ్యాలంటే అది ముందే అచ్చయి ఉండాలి. అచ్చు కానిది అచ్చు వేస్తే అది కల్పన అవుతుంది. మా శాఖ కల్పనలకి పూర్తిగా వ్యతిరేకం."

తాయారమ్మ గోనెపట్టా మడతపెట్టుకుని వచ్చేసింది.

పథకానికి మొదటి వార్షిక నివేదిక అచ్చవుతున్న మాట నిజమే. పరాంకుశంగారు దాని కోసం ఎంతో ఆరాటపడుతున్నారు. ఇంకో వందేళ్ళకి తన మునిమనవలు వెతుక్కుంటే తను దొరకాలి కదా. ఫొటో ఏ పేజీలో ఉండాలి, కోటుతోనా శాలువాతోనా, పేరు ముందు డిగ్రీలు వెయ్యాలా వెనక వెయ్యాలా అన్న వాటితోనే ఆయనకి తీరిక లేదు. మిగతాదంతా సోమలింగంగారి మీద పెట్టేశారు.

"మన పథకం వారసత్వ పథకం. నివేదిక కూడా వారసత్వ నమూనాలోనే ఉండాలి. ఆ పాత నివేదికలో వాక్యాలన్నీ వరస తప్పకుండా రావాలి."

"అందులో వంటవాడి వాక్యం ఉందండీ. మన పథకంలో వంటవాడు లేడు. ఏం చెయ్యమంటారు?"

"పథకానికి ఏ పోస్టు మంజూరైతే ఆ పోస్టు పేరు వెయ్యవయ్యా. ఇంత చిన్నదానికి కూడా నన్నడుగుతావేం? శాలువా కొంచెం ఎడమ పక్కకి జారింది, ఇంకో ఫొటో తియ్యమను."

సోమలింగంగారు సర్వీసులో ఏనాడూ పైవాళ్ళు చెప్పిన మాట దాటలేదు. పథకానికి మంజూరైన పోస్టు ఒక్కటే. అదే వేశాడు. ఎద్దు వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన కలం ఆగింది. పథకానికి ఎద్దు కూడా లేదు. చనిపోయినవాళ్ళెవరిదైనా పేరు కావాలి. ఆ పొద్దున బండి దగ్గర తాయారమ్మ ప్లేటు అందిస్తూ ఆయన వంక చూసిన చూపు గుర్తొచ్చింది. ఆవిడ ఏమీ అడగలేదు. ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఆయన ఎద్దు పేరు కొట్టేసి ఒక మనిషి పేరు రాశాడు. తర్వాత, సర్వీసులో మొట్టమొదటిసారిగా, నమూనాలో ఒక మాట సొంతంగా మార్చాడు. మార్చి, చెమట తుడుచుకుని, ప్రూఫులు కమిషనరుగారి బల్ల మీద పెట్టాడు. పరాంకుశంగారు ఫొటో కింద తన పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుని సంతకం చేశారు.

నివేదికలు అచ్చయి జిల్లా కార్యాలయానికి వెళ్ళాయి. మామూలుగా అయితే అక్కడ ఎవరూ చదవరు. ఈసారి ఫొటో బాగుందని ఎవరో పేజీ తిప్పారు. నాలుగు రోజుల్లో ఉత్తరం వచ్చింది.

'పథకము బియ్యమును అపహరించిన హేతువున ప్రత్యేకాధికారిని తొలగించడమైనదని తమ నివేదిక రెండవ వాక్యములో తామే తెలియజేసి, తామే సంతకము చేసియున్నారు. తొలగింపబడిన పిదప కూడ తాము కార్యాలయమునకు హాజరగుచుండుటకు గల కారణమును తెలుపుచు, తక్షణము బాధ్యతలు అప్పగించవలెను.'

పరాంకుశంగారు కంగారుగా జిల్లాకి పరిగెత్తారు. అది పొరపాటని, పథకంలో అసలు బియ్యమే లేవని మొత్తుకున్నారు. బియ్యం లేకపోవడం అపహరణని బలపరుస్తోందని జిల్లావారు రాసుకున్నారు. అచ్చులో తప్పు దొర్లిందని ఆయన అంటే, జిల్లా అధికారి ఎంతో మర్యాదగా ఆయన సర్క్యులరే తీసి, 'అచ్చయినది తప్పు కాజాలదు' అన్న వాక్యం కింద గీత గీసి చూపించారు. విచారణ తేలేదాకా ఆయన్ని ఇంట్లో కూర్చోమన్నారు.

ఆయన స్థానంలో తాత్కాలికంగా వచ్చినవాడు నీటి సరఫరా ఇంజనీరు. అతనికి వారసత్వం గురించి ఏమీ తెలియదు. తెలుసుకోవాలనే కోరిక కూడా లేదు. నివేదికలో ఏం అచ్చయిందో చూసి దాని ప్రకారం పలకలు మార్చెయ్యమని సోమలింగంగారితో చెప్పి పైపులు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆసుపత్రి గేటు దగ్గర పాత పలక తీసేసి కొత్తది బిగించారు. మేళం లేదు, తెర లేదు. సోమలింగంగారే దగ్గరుండి చదివి వినిపించాడు.

'పళ్ళాల సత్తెయ్య కాలధర్మము నొందినందులకు మిక్కిలి చింతించుచున్నాము. అతడు బహుకాలము శ్రమించి ఎల్లరి ఆకలిని తీర్చెను.'

తాయారమ్మ అట్లకాడ పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, వెళ్ళి ఆ పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం తడుముకుంది. ఒకసారి చాలక రెండోసారి కూడా తడిమింది. ఆ తర్వాత ఆనందం పట్టలేక అందరికీ ఉత్తినే కాఫీలు పోయించింది.

అబ్బులుకి మాత్రం ఒక సందేహం వచ్చింది. "అక్కా, ఈ ఏడు నివేదికలో మా బసవడు చచ్చిపోయినట్టు లేదంటనే. అంటే బతికే ఉన్నట్టు కదేటే?" బతికే ఉన్నట్టని సోమలింగంగారు ధ్రువీకరించాడు. అబ్బులు సంతోషించి దాని గడ్డి కోసం మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకున్నాడు. అది పరిశీలనలో ఉంది.

కొన్నాళ్ళకి ఒక పొద్దున పరాంకుశంగారు బండి దగ్గరికి వచ్చారు. బంట్రోతు లేడు కాబట్టి తనే వచ్చారు. గడ్డం మాసింది. రోగుల చుట్టాల మధ్య బల్ల మీద ఒక చివర సర్దుకు కూర్చుని, కొత్త పలక వంక చూడకుండా చూశారు. తాయారమ్మ అడక్కుండానే జీడిపప్పు ఎక్కువేసిన ఉప్మా పెట్టి, మీద పెసరట్టు కప్పి అందించింది.

ఆయన ప్లేటు పట్టుకుని అలాగే కూర్చున్నారు. "ఇరవై ఆరేళ్ళ సర్వీసమ్మా," అన్నారు. "బియ్యం దొంగనని అచ్చులో వేశారు. వందేళ్ళు ఉంటుంది. నన్ను తీసేశారమ్మా."

తాయారమ్మకి నిజంగానే జాలేసింది. ఆవిడ ఇంకొంచెం అల్లప్పచ్చడి వేసింది.

"ఒక్కసారేగా బాబూ తీసేసింది," అంది. "మా తాతగారిని పదకొండు సార్లు తీసేశారు, పొయ్యి ఆర్పలేదాయన. తినండి, సల్లారిపోద్ది."